శుక్రవారం ఎండుచేపలు

జెర్సీ సిటీలో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ప్రకటనలన్నిటిలోనూ అద్దె కంటే ముందు ఒక మాట ఉంటుంది: వెజిటేరియన్స్ ప్రిఫర్డ్. ఆ మాట చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కోడికూర తినేవాళ్ళని అది ఆపదు. వాళ్ళు ఫోన్‌లో కాస్త నవ్వి "ఎప్పుడైనా వీకెండ్‌లో, అంతే అండీ" అంటే ఓనరు కూడా నవ్వేస్తాడు. అది ఆపేది ఎండుచేపలు తినేవాళ్ళని. చికెన్ వండితే వంట వాసన వచ్చిందంటారు. ఎండుచేప వేయిస్తే మాత్రం మీది ఏ ఊరు, మీరేమిట్లు అని ఆరా తీయడం మొదలుపెడతారు.

మాది బందరు దగ్గర. మా సంతలో కూడా ఎండుచేపల వరసని ఒక మూలకి నెట్టేసి, బట్టల కొట్లకి దూరంగా పెట్టేవాళ్ళు. అమ్మ ఆ మూలకి వెళ్ళేటప్పుడు ఎవరి వంకా చూసేది కాదు. గోనెపట్టాల మీద పోసిన నెత్తళ్ళని గుప్పిటతో తీసి, ఇసుక ఎంత ఉందో చూసి బేరం ఆడేది. ఇంటికొచ్చాక ఉప్పుచేపని వేణ్నీళ్ళలో నానేసి, పెనం మీద కాల్చి, పప్పుచారు అన్నంలో పెట్టేది. నేను ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం చేసి, పెళ్ళి చేసుకుని, హెచ్‌వన్ మీద ఇంత దూరం వచ్చినా నా నాలుక మాత్రం ఆ పప్పుచారు దగ్గరే ఉండిపోయింది.

చివరికి మాకు ఒక పాత మూడంతస్తుల ఇంట్లో మధ్య అంతస్తు దొరికింది. పైన ఓనర్లు, తెలుగువాళ్ళే. ఆయన రోజూ ట్రైన్‌లో మన్‌హటన్‌కి వెళ్ళి బ్యాంకులో ఉద్యోగం చేసేవాడు. ఆవిడ ఇంట్లోనే ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది, మొదటి రోజే "అక్కా అని పిలువు, ఆంటీ అన్నావంటే ఊరుకోను" అంది. మాకు కింద, వీధి పక్కన ఉన్న అంతస్తులో ఒక ఫిలిప్పీన్స్ పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఏళ్ళ తరబడి హాస్పిటల్లో నర్సుగా చేసి రిటైరైంది. ఓనర్లు ఇల్లు కొనక ముందు నుంచీ ఆవిడ అక్కడే అద్దెకి ఉంది. ఇంటితో పాటు ఆవిడ కూడా వచ్చిందని అక్క సరదాగా అనేది.

ఒక ఆదివారం పొద్దున లాండ్రీ బుట్ట పట్టుకుని బేస్‌మెంట్‌కి దిగుతుంటే ఆ వాసన వచ్చింది. నేను మెట్ల మీదే ఆగిపోయాను. ఎండుచేప నూనెలో పడ్డ వాసన. నోట్లో నీళ్ళూరాయి. దాంతో పాటే ఏడుపు కూడా వచ్చింది, అదెందుకో నాకు తెలియలేదు. ఆవిడ తలుపు తట్టాను. తలుపు తీస్తూనే ఆవిడ చేతులు ఊపేస్తూ క్షమాపణలు మొదలుపెట్టింది.

"సారీ, సారీ. కిటికీలు తీసేస్తున్నా. ఫ్యాన్ కూడా పెట్టా."

"నాకు ఒకటి పెడతారా?" అన్నాను.

ఆవిడ నా చేతిలోని బుట్ట లాక్కుని గోడవార పెట్టి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే, కానీ ఆవిడ మాటలు ఇప్పుడు తలుచుకుంటే నాకు తెలుగులోనే వినిపిస్తాయి. ప్లేటులో రాత్రి మిగిలిన అన్నం, దాన్ని వెల్లుల్లి వేసి వేయించింది. పక్కన రెండు చేపలు, తుయో అంటారట, అచ్చం మన కవళ్ళలాంటివి. చిన్న గిన్నెలో చెరకు వెనిగర్, అందులో దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి. చేపని చేత్తో తుంచి అందులో ముంచి తినాలి. పులుపు కోసం మేం చింతపండు వేస్తాం, వాళ్ళు వెనిగర్‌లో ముంచుతారు. అంతే తేడా. నేను తల, తోకతో సహా తిన్నాను. ఆవిడ తల ఊపుతూ చూసింది.

ఆ తరవాత నెలకోసారి ఆవిడతో వెస్ట్‌సైడ్ అవెన్యూలో వాళ్ళ దుకాణానికి వెళ్ళేదాన్ని. అంతకు ముందు ఇండియన్ స్టోర్‌లో ఎండుచేపలు అడిగితే కౌంటర్ దగ్గరున్న అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "ఎడిసన్‌లో దొరుకుతాయేమో మేడమ్" అన్నాడు. నేనేదో అడగకూడనిది అడిగినట్టు. ఇక్కడ మాత్రం తలుపు తెరవగానే ఎదురుగా ఒక గోడంతా ఎండుచేపలే. పొట్ట చీల్చి పుస్తకంలా విప్పి ఎండబెట్టినవి, కళ్ళతో సహా ఎండినవి, వెండి రంగులో మెరిసే సన్న నెత్తళ్ళు. వాటిని వాళ్ళు దిలిస్ అంటారు. జనం పిల్లల్ని ఎత్తుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ, ప్యాకెట్లు తిప్పి చూసుకుంటూ కొనుక్కునేవాళ్ళు. ఎవరూ గొంతు తగ్గించేవాళ్ళు కాదు.

ఆవిడది సెబూ. అక్కడ ఒక బజారంతా ఎండుచేపలే అమ్ముతారట. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ బజారుకి ఆఖరి రోజున మాత్రమే వెళ్తారని చెప్పింది. లోపలికి వెళ్ళొచ్చాక ఆ బట్టలు ఉతకందే ఇంకెక్కడికీ వెళ్ళలేరు.

"మరి ఆ బజారు పక్కనే ఉండేవాళ్ళు?" అని అడిగాను.

"మాకు వాసన వచ్చేది కాదు. నర్సింగ్ కాలేజీకి వెళ్ళాక తెలిసింది, మా దగ్గర వాసన వస్తుందని. పక్క అమ్మాయి చెప్పింది" అంది ఆవిడ. నవ్వుతూనే చెప్పింది. నేను నవ్వలేకపోయాను. నాక్కూడా హాస్టల్లో ఒక పక్క అమ్మాయి ఉండేది.

ఇక పైనున్న అక్క సంగతి. మేం దిగిన కొత్తలో ఒక బుధవారం నేను ఎండు నెత్తళ్ళు, వంకాయ వండుతుంటే వెనక మెట్ల మీదుగా దిగి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుని నేను స్టవ్ కట్టేశాను. ఆవిడ తలుపు దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని గాలి పీల్చింది.

"ఎన్నాళ్ళయిందమ్మాయ్ ఈ వాసన తగిలి! మా ఇంట్లో వండలేను. దేవుడి గది ఉంది కదా. పైగా కర్టెన్లకి పట్టేస్తే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అంది.

అప్పటినుంచి ప్రతి బుధవారం మధ్యాహ్నం వచ్చేది. నేను ఆ రోజు ఇంటినుంచే పని చేసేదాన్ని. ఆవిడ తిండికి ఒక పద్ధతి ఉండేది. ఒక పాత నైటీ మా ఇంట్లోనే వదిలి ఉంచింది, రాగానే అది తొడుక్కునేది. జుట్టుకి వాసన పట్టకుండా తలకి షవర్ క్యాప్ పెట్టుకునేది. అలా షవర్ క్యాప్‌తో నా వంటింట్లో కూర్చుని పప్పుచారు అన్నంలో ఉప్పుచేప నంజుకుని, ముల్లు దాకా చీకి, చేతులు నిమ్మకాయతో రుద్దుకుని, పుక్కిలించి, మళ్ళీ చీర కట్టుకుని పైకి వెళ్ళేది. నాకది బాగానే ఉండేది. కూర్చుని నాతో ఇష్టంగా తినే మనిషి దొరికిందనే సంబరపడ్డాను. మావారు చేపలు తింటాడు గానీ ఎండుచేపలంటే ఆమడ దూరం పారిపోతాడు.

"ఇవి ఇంత శుభ్రంగా ఎక్కడ దొరికాయే?" అని ఒకసారి అక్క అడిగింది.

"కిందావిడ ఏరి తెస్తుందక్కా."

"ఆవిడనే తెమ్మను. మంచివి తెలుసు ఆవిడకి" అంది అక్క. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి. నేనైతే మరిచిపోలేదు.

చలికాలం చివర్లో ఈస్టర్‌కి ముందు వాళ్ళ ఉపవాసాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో శుక్రవారం మాంసం తినకూడదు. అందుకని ఆవిడ ప్రతి శుక్రవారం పెసలు ఉడికించి, మునగాకు వేసి, అందులో నెత్తళ్ళు వేసేది. పక్కన వేయించిన తుయో. వాళ్ళమ్మ అలాగే చేసేదట, అమ్మమ్మా అలాగే చేసేదట. గోడ మీద క్రీస్తు పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, అప్పుడు స్టవ్ వెలిగించేది. ఆ పెసలకూర తిన్నప్పుడు నాకు మునగాకు పప్పు గుర్తొచ్చింది. పప్పూ ఎండుచేపా ఒకే గిన్నెలో పడ్డాయి, అంతే.

అదే శుక్రవారం పైన అక్క కుంకుమపూజ పెట్టుకునేది. సాయంత్రం చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఒక శుక్రవారం రాత్రి నాకు అక్క నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అమ్మాయ్, కింద ఆవిడ ఏం కాలుస్తోంది? హారతి టైమ్‌కి అందరూ ముక్కులు మూసుకున్నారు. నా పరువు పోయింది. నువ్వే చెప్పు, నీ మాటైతే వింటుంది."

మర్నాడు కిందకి వెళ్ళి చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు.

"శుక్రవారం కాబట్టే కదా చేప. మాంసం మానేశాను" అంది.

"మాకు శుక్రవారం చేప కూడా కూడదు."

"ఓ. అయితే ఏ రోజు వండుకోను?"

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సోమవారం శివుడు. మంగళవారం ఆంజనేయస్వామి. శనివారం వెంకటేశ్వరస్వామి. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆవిడ మాత్రం శ్రద్ధగా వింది.

"మీ దేవుళ్ళు షిఫ్టుల్లో డ్యూటీకి వస్తారా? మా వార్డులో లాగా?" అని అడిగింది. ఇద్దరం పడి పడి నవ్వాం. అదే మేం కలిసి నవ్విన ఆఖరిసారి.

ఆవిడ నిజంగానే మార్చుకుంది. గురువారం వండి ఫ్రిజ్‌లో పెట్టి, శుక్రవారం చల్లగా తినేది. ఆ గురువారం పైన బాబా భజన. మళ్ళీ మెసేజ్. సరే, బుధవారం వండింది. శుక్రవారం మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఆ వాసన పైకి పోయిందట, మళ్ళీ మెసేజ్. చివరికి శుక్రవారం చేప మానేసి ఉత్త పెసలు తింది. రెండు వారాలు ఆవిడ వంటింట్లో ఎండుచేప అన్నదే లేదు. అయినా అక్క ముక్కు చిట్లిస్తూ "గోడలకి పట్టేసిందే, ఇంక పోదు" అంది. అప్పుడు అర్థమైంది నాకు. కిందావిడ ఏం చేసినా చాలదు. పైనున్నావిడకి కావాల్సింది వాసన పోవడం కాదు, మనిషి పోవడం.

లీజు అయిపోవస్తోంది. రెన్యూ చేయడం లేదని ఓనరు కిందావిడకి కాగితం ఇచ్చాడు. బంధువులు వస్తున్నారు, ఇల్లు మాకే కావాలి అని అందులో రాశాడు. చిన్న ఇల్లు, ఓనర్లు కూడా అందులోనే ఉంటారు కాబట్టి కారణం అడిగే హక్కు కూడా ఆవిడకి లేదట. ఆ వయసులో, ఆ అద్దెకి, బస్సు దగ్గరగా, చర్చి దగ్గరగా మరో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? ఆ మాట ఆవిడ అనలేదు, నేనే అనుకున్నాను.

నేను పైకి వెళ్తానంటే మావారు అడ్డుపడ్డాడు.

"మన లీజు కూడా వాళ్ళ చేతుల్లోనే ఉంది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, ఇప్పుడు అడ్రస్ మారడం ఎందుకు చెప్పు? మనకెందుకు ఈ గొడవ?" అన్నాడు.

"నాకు కావాలి" అని మెట్లెక్కాను. ఆయన కిందే ఉండిపోయాడు.

అక్క పూజగది తుడుస్తోంది. "రావే, కూర్చో" అంది.

నేను కూర్చోలేదు. "అక్కా, ఆవిడని ఎందుకు పంపించేస్తున్నారు?"

"బంధువులు వస్తున్నారు కదే."

"ఎవరూ రావడం లేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ చేపలు మానేసింది. శుక్రవారం ఉత్త పప్పు తింటోంది మీకోసం."

"నాకోసమా? నేనేం మానమన్నానా? ఇది మా ఇల్లమ్మా. లక్ష్మీదేవి తిరిగే ఇల్లు. శుక్రవారం పూట ఆ కంపు భరించాలా మేము?"

కంపు అన్న మాట వినగానే నాకు పట్టు తప్పింది. గొంతు పెంచాను. "మరి బుధవారం మా ఇంట్లో షవర్ క్యాప్ పెట్టుకుని తినేదేమిటక్కా? ఆవిడ ఏరి తెచ్చినవే కదా? ఒకే దుకాణం, ఒకే ప్యాకెట్. మీ ప్లేట్‌లో పడితే కూర, ఆవిడ పెనంలో పడితే కంపా?"

అక్క గుడ్డ పక్కన పెట్టింది. ఆవిడకి కోపం రాలేదు. అదే నాకు మరీ కడుపుమంట. చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"అది వేరే. నువ్వు మనమ్మాయివి. వారం చూసుకుంటావు, వర్జ్యం చూసుకుంటావు. నీ ఇంట్లో తింటే నా ఇంట్లో తిన్నట్టు కాదు. ఆవిడదంతా వేరు. వాళ్ళేం తింటారో, ఏ రోజు తింటారో మనకేం తెలుసు? ఊరికే మనసు పాడుచేసుకోకు. బుధవారం వస్తాలే."

నేను ఇంకా చాలా అన్నాను. పెద్దగానే అన్నాను. ఓనరు లోపలి గదిలోంచి వచ్చి "ఇట్స్ నాట్ పర్సనల్, ప్లీజ్ అండర్‌స్టాండ్" అన్నాడు. ఏడుస్తూ కిందకి వచ్చాను. నేనేదో సాధిస్తానని వెళ్ళానుగానీ, ఆ ఇంట్లో నా కేకలకి ఒక్క వస్తువు కూడా కదల్లేదు.

ఆవిడ సామాను సర్దుకునే రోజుల్లో సాయం చేయడానికి వెళ్ళేదాన్ని. స్టవ్ మీద పెద్ద గిన్నెలో వెనిగర్ మరిగిస్తోంది. ఆ ఆవిరి పడితే గోడలకి వాసన ఉండదట. వంటింటి అరలు, తలుపులు, ఫ్యాన్ రెక్కలు వెనిగర్ నీళ్ళతో తుడుస్తోంది. "ఎందుకు చేస్తారు ఇదంతా? వాళ్ళకి పెయింట్ ఎలాగూ వేసుకోవాలి" అన్నాను విసుగ్గా.

"నేను వెళ్ళాక నా వాసన గురించి ఎవరూ మాట్లాడుకోకూడదు" అంది.

కాసేపటికి తుడవడం ఆపి, నా వైపు తిరగకుండానే అడిగింది. "ఆ రోజు పైన నీ గొంతు వినిపించింది. చాలా కోపంగా మాట్లాడావు. మీ భాష నాకు రాదు కదా. ఆ మర్నాడే వాళ్ళాయన వచ్చి తొందరగా ఖాళీ చేస్తే మంచిదన్నాడు. నీక్కూడా ఇబ్బందిగా ఉండేదా, అనక్? నాకు చెప్పి ఉండాల్సింది."

అనక్ అంటే బిడ్డ. ఆవిడ నన్ను ఎప్పుడూ పిలిచేది అలాగే.

"లేదు. నేను మీ తరఫున అరిచాను" అన్నాను. ఎన్నిసార్లన్నానో. అక్క ఏమంది, నేనేమన్నాను అన్నీ చెప్పాను, షవర్ క్యాప్ సంగతి కూడా చెప్పాను. ఆవిడ అంతా వింది. నొప్పి లేదని చెప్పే రోగిని నర్సు ఓపిగ్గా చూసినట్టు నన్ను చూసి, "సరే, సరే, ఏడవకు" అంది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నా భాషలో నేను ఆవిడ కోసం పెట్టిన ప్రతి కేకా ఆవిడకి నా ఫిర్యాదులాగే వినిపించి ఉంటుంది. ఆవిడ నమ్మకపోతే తప్పు పట్టను. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళ నుంచి ఆవిడకి ఏం మేలు జరిగింది కనక?

ఆవిడ బెర్గన్‌ఫీల్డ్‌లో చెల్లెలి ఇంటి బేస్‌మెంట్‌కి వెళ్ళిపోయింది. నేను ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడుతుంది. వస్తానంటే మాత్రం, ఇప్పుడు వద్దులే, మా చెల్లెలి ఇల్లు చిన్నది అంటుంది. కింది అంతస్తులో ఇప్పుడు నలుగురు తెలుగు స్టూడెంట్లు ఉంటున్నారు. బంధువులు ఎవరూ రాలేదు. ఆ స్టూడెంట్లు ప్యూర్ వెజ్ అని చెప్పి చేరారు. ఆదివారాలు కింద నుంచి చికెన్ బిర్యానీ వాసన వస్తుంది. అక్కకి ఆ వాసన రాదు.

ఆవిడ వెళ్ళిన వారానికే బుధవారం మధ్యాహ్నం వెనక మెట్ల మీద అక్క అడుగుల చప్పుడు వినిపించింది. అప్పుడు స్టవ్ మీద పప్పుచారు మరుగుతోంది. అక్క నైటీ కోసం కొక్కెం వైపు చూసింది. నైటీ లేదు. మడిచి కవర్లో పెట్టి తలుపు పక్కన ఉంచాను.

"ఏమోయ్, ఇవాళ వాసనే రావడం లేదేంటి?" అంది, చేతిలో షవర్ క్యాప్‌తో.

"చేపలు లేవక్కా. ఇవాళ శుక్రవారం."

"పిచ్చిదానా, బుధవారం కదే!"

"మీకు బుధవారం. మా ఇంట్లో ఇక రోజూ శుక్రవారమే" అని ఆ కవరు ఆవిడ చేతికిచ్చాను.

అక్క మొహం మాడ్చుకుని మెట్లెక్కింది. మావారికి తెలిస్తే లీజు సంగతి ఎత్తుతాడు. ఎత్తనీ. తలుపు వేసి, పప్పుచారు పోసుకుని అన్నం తిన్నాను. ఉప్పుచేప నంజుకోవడానికి ఉంటుంది కదా అని పప్పుచారులో ఉప్పు తక్కువ వేయడం నాకు అలవాటు. ఆ రోజు కూడా తక్కువే వేశాను. చప్పగా ఉంది. అలాగే తినేశాను.